ఏ కోట గోడ మీదా లేని మాట

చిట్టితల్లీ,

నేను బాగానే ఉన్నాను, బస్సూ బాగానే ఉంది, బుర్రే పాడైంది. నువ్వు చెప్పినట్టే, యాత్రికుల్ని దింపిన ప్రతి పాత కోట దగ్గరా బోర్డులు చూసి ఇంగ్లీషు మాటలు నీ నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. డెబ్బై అయ్యాయి. కింగ్, ప్యాలెస్, కేనన్, అన్నీ నోటికొచ్చాయి.

నిన్న రాణిగారి సమాధి చూసొచ్చి అందరూ బస్సెక్కినా, ఒక పెద్దావిడ మెట్టు మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. మన భాష రాదు. ఏడవకమ్మా అందామని నోరు తెరిస్తే బోర్డులే బయటికొచ్చాయి: "డోంట్ టచ్! డోంట్ క్లైంబ్!" ఆవిడ బిత్తరపోయి చూసింది, పకపకా నవ్వింది, మళ్లీ ఏడ్చింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. అందులో నా డెబ్బై మాటల్లో ఒక్కటీ తగల్లేదు. తిట్టిందో దీవించిందో తెలీక గైడుని అడిగితే, "ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే కాదు గురూ!" అన్నాడు. మరి ఎందుకు నవ్వినట్టు? చెయ్యి ఎందుకు పట్టుకున్నట్టు? నాకేం అంతు చిక్కడం లేదు.

అది సరే, వంటింటి కుళాయి బాగుచేయించారా? నాయనమ్మ కళ్లజోడు దొరికిందా? స్వెట్టరు పంపొద్దని అమ్మకి చెప్పు, ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. నాయనమ్మకి దణ్ణాలు, నీకూ తమ్ముడికీ నా దీవెనలు.

కార్డు నిండిపోయింది. ఏడవకమ్మా అనడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో వెంటనే రాసి పంపు. ఇన్ని కోటలు తిరిగాను, ఆ మాట ఏ గోడ మీదా రాసి లేదు.

నాన్న