లావణ్య కాగితం మీద నా సంతకం

బుధవారం, చైతన్యపురి హాస్టల్

తెలంగాణ బంద్ వల్ల ఇవాళ కూడా కోచింగ్ లేదు. కొత్త చట్టం పేరుతో సర్కారు ఫైల్ షేరింగ్ సైట్లను మూసేసినప్పటి నుంచీ పాత ప్రశ్నపత్రాలు నా పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. నెల రోజులుగా హాస్టలంతా నా గది చుట్టూనే తిరిగింది.

ఇవాళ అందరూ గుంటూరు లావణ్య మంచం చుట్టూ చేరారు. సైట్లు తెరవాలని ఆమె సంతకాలు సేకరిస్తోంది. మా నల్గొండ రజిత కూడా "ఎంత మంచిగ మాట్లాడుతదో!" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వూ పెట్టు సునీతా, అందరికీ దొరకాలి కదా," అంటూ లావణ్య పెన్ను ఇచ్చింది. పెట్టాను.

"గా పెన్‌డ్రైవ్ జర ఇయ్యవే," అంది రజిత.

వైరస్ వచ్చిందని అబద్ధమాడాను. గదికొచ్చి దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. రేపు సైట్లు తెరుచుకుంటే నా తలుపు ఎవరు తడతారు?