వారాల భోజనం జీతం కాదు

ఏలూరు, 1936 డిసెంబరు, బుధవారం రాత్రి

అమ్మయ్య, సత్యాన్ని ఆడనిస్తారట!

ఆటకు జీతం పుచ్చుకున్నవాడు స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఉండకూడదని టోర్నమెంటు రూలు. మంచిదే. కాని గూడెం జట్టు ఫార్వర్డుకు అక్కడి రైసుమిల్లులో నెలనెలా గుమాస్తా జీతం అందుతోంది. ఆ మహానుభావుడు మిల్లు గడప తొక్కిన పాపాన పోలేదు. కప్పు ఇచ్చేది మిల్లు యజమానే కనుక కమిటీకి అది కనబడదు. మా గోల్‌కీపరు సత్యం, కొల్లేటి లంక నుంచి చదువుకు వచ్చిన పేదవాడు, మా వీధిలో రోజుకొక ఇంట అన్నం తింటే మాత్రం అది జీతమట!

జట్టు మాస్టర్ని కదా, ఉండబట్టలేక కమిటీ మీటింగులో లేచాను.

"అది జీతం కాదండీ, వారాలండీ. బంతి ముట్టకముందు నుంచీ తింటున్నాడండీ."

ప్లీడరైన కమిటీ ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగారు. "శనివారం ఎవరింట్లో?" అని అడిగారు.

"మా ఇంట్లోనేనండీ."

"నేను వారాలు చేసుకుని చదివిన రోజుల్లో శనివారానికి ఇల్లు దొరికేది కాదండీ. ఆ రోజు పస్తే" అన్నారాయన. "కుర్రాణ్ణి ఆడనివ్వండి."

మిల్లు గుమాస్తా సంగతి ఎత్తేసరికి మాత్రం వాచీ చూసుకుని లేచిపోయారు. పోనీలే, సగం న్యాయమైనా దక్కింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "గూడెంతో ఆట ఆదివారం కదండీ, శనివారం ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తానండీ" అంది.

జీతగాడు తన్నే బంతిని ఏడిళ్ళ అన్నం ఆపుతుందో లేదో చూడాలి.