కాస్త ఎక్కువ రుద్దిన హెడ్డు

గోల్ ఘర్,
సోమవారం.

చి.ల.సౌ. లక్ష్మీకుమారికి,

నీ భర్త లోకనాథం ఆశీస్సులతో రాసేది. ఇక్కడ నేనూ, అమ్మాయి సింధూరీ కులాసా. రంగత్‌లో నువ్వూ, నీ బడి పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోను చేసినప్పుడల్లా సింధూరి పక్కనే ఉంటుంది, దాని ముందు చెప్పుకోలేని మాట ఇది.

మోకాలి నొప్పి గురించి అడిగావు. మెట్లెక్కేటప్పుడే తెలుస్తోంది. వంట ఎవరు చేస్తున్నారన్నావు. నేనే, తినేవాళ్ల ఓపిక. సిప్పీఘాట్ మోటార్‌సైకిల్ పందెంలో అమ్మాయి గెలిచిన కప్పును బడి పిల్లలకు చూపిస్తాను, బస్సులో పంపమన్నావు. అది మాత్రం ఆపాను.

పందెం నిబంధన ఇది: కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్‌కు రిపేరు చేసుకోవచ్చు, మార్పు చేయకూడదు. ఏ మార్పూ చేయలేదని సింధూరి సంతకం పెట్టింది. పందేనికి వారం ముందు నేను బండి విప్పి చూస్తే ఇంజన్‌కు మూతలాంటి సిలిండర్ హెడ్డు కాస్త వంకరపోయి ఉంది. మన బోటు ఇంజన్లకు చేసినట్టే అద్దం మీద గరుకు ఎమరీ కాగితం పరిచి, హెడ్డు బోర్లించి రుద్దాను. సమమైంది. అక్కడ చెయ్యి ఆగాలి. ఆగలేదు. ఇంకాస్త అరగదీస్తే ఇంజన్ లాగుడు పెరుగుతుంది. ఇరవై ఏళ్లుగా బోట్లకు చేస్తున్న పనే. అలకు ఎదురెళ్లే బోటును రూలు అడిగేవాడెవడు? పైగా వేరే భాగమేదీ పెట్టలేదు. ఇది రిపేరా, మార్పా? ఒక పూట తప్పనిపిస్తుంది, మరో పూట కాదనిపిస్తుంది. బుర్ర తిరిగిపోతోంది లక్ష్మీ.

మొన్న గిరిధర్ మన షాపుకొచ్చాడు. పందెంలో రెండో స్థానం అతనిదే.

"లోకనాథం భయ్యా, రెండు బళ్లూ ఏక్ హీ మోడల్ గదా. తిన్నని దారిలో నాదే ఎందుకు ఎనకబడతంది? సచ్ బోలో" అన్నాడు.

"నీ బండి ఠీక్ హై. మలుపులో బ్రేకు ముందే ఏసేస్తన్నావు" అన్నాను.

అది నిజమే. కానీ అతను అడిగింది మలుపు గురించి కాదు. నమ్మి, థాంక్స్ చెప్పి వెళ్లాడు.

అసలు సంగతి ఇక దాచను. నిన్న పొద్దున ఆ హెడ్డు విప్పి, తేడా తెలిసేలా పక్కన కొత్తది పెట్టి, సింధూరిని పిలిచి అంతా చెప్పేశాను. నిబంధన చదివి వినిపించాను. రిపేరంటే ఏమిటో, మార్పంటే ఏమిటో నాకు తోచినట్టల్లా వాదించాను. అంతా విని సింధూరి ఒక్కటే అడిగింది.

"నాన్నా, నాను గెలవలేననుకున్నావేటి?"

హెడ్డు రుద్దిన రోజు చెయ్యి ఆగకపోవడం అలవాటు వల్లో, పిల్ల మీద నమ్మకం చాలకో నాకే తెలియడం లేదు. ఈ పొద్దున పందెం పెట్టినవాళ్లతో ఉన్నదున్నట్టు చెప్పడానికి సిప్పీఘాట్ వెళ్లింది. నేనూ వస్తానంటే వద్దంది.

ఇట్లు,
ఏమీ పాలుపోని
నీ భర్త
లోకనాథం