అక్కకు రెంటె వచ్చిందట

హాంబర్గ్

అక్కకు,

నీ చెల్లెలు సునీత నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? ఫోన్‌లో ఎప్పుడడిగినా "మంచిగున్న" తప్ప నీ నోట మరో మాట రాదు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ వాన, గాలి, మళ్లీ వాన. కరోనా వల్ల ఆఫీసంతా ఖాళీ. సర్వర్ల పని కాబట్టి నేను వెళ్లక తప్పదు. పొద్దున్నే నాకు తోడు అక్కడ నేల తుడిచే ఇంగె ఒక్కతే ఉండేది. డెబ్బై దాటింది, పెన్షను చాలక పనికొచ్చేది. మా మేనేజరేమో అరవై నిండగానే మానేసి పడవ కొనుక్కున్నాడు.

కరోనాకు ముందు, వచ్చీరాని జర్మన్‌లో ఆమెకు నీ గురించి, నీ వయసుతో సహా చెప్పాను. అద్దె ఇంట్లో ఉంటావని చెప్పబోయి, ఇంగ్లీషు రెంటుకు తోక తగిలించి "మా అక్క, రెంటె" అన్నాను. ఆమె నా చేతులు పట్టేసుకుంది. "అరవై రాకుండానేనా! ఎంత అదృష్టం!" అంది. అద్దె ఇంట్లో అదృష్టమేమిటో నాకు అంతుపట్టలేదు. రెంటె అంటే ఇక్కడ పెన్షనని తర్వాత జర్మన్ క్లాసులో తెలిసి నవ్వుకున్నాను. అప్పటికే ఆమె రోజూ "మీ అక్క ఇంకా పడుకునే ఉందా?" అని అడిగి మురిసిపోయేది. నువ్వు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు మోస్తున్నావని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పోయిన నెల ఇంగె కరోనాతో పోయింది అక్కా. ఆమె బదులు ఇంకో నెరిసిన తల వచ్చింది. బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను.

నువ్వు మళ్లీ కోవిడ్ వార్డుకు పోతున్నావని బావ చెప్పాడు. మొన్న నువ్వేమన్నావు? "పర్మినెంటోళ్లకు రిటైర్మెంటు వయసు పెంచిన్రు. కాంట్రాక్టోళ్లం, మమ్ములనెవ్వలడుగుతరు చెల్లె? చేసినన్ని దినాలు చేసుడే." మీ వార్డు డాక్టరమ్మ ఇంకొన్నేళ్లు చేస్తానంటే అది ఆమె ఇష్టం. నీది ఇష్టమా? రెక్కాడితే గాని డొక్కాడదంటావు. నేను లేనా అంటే "చెల్లె సొమ్ము తింటనా?" అని కస్సుమంటావు. నన్ను ఎత్తుకుని పెంచినదానివి, నా తిండి నీకు అరగదా?

మామిడి తొక్కు పంపకు, పార్సిళ్లు రావడం లేదు. బావకు, పెద్దమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నువ్వు హాయిగా ఇంట్లో కూర్చున్నావని నమ్మిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది, ఆమె కూడా పోయింది. వార్డుకు పోకు అక్కా. కోపమొస్తే నాతో మాట్లాడకు, కానీ బతికుండు.

నీ దీవెన కోసం చూసే చెల్లెలు,
సునీత