ఎర్ర సిలువ వ్యాను

పాడేరు కొండలు
12-3-74

మార్తకు దీవెనలు.

కార్డు మూల నల్లగా ఉందని కంగారుపడకు, అది ఇంజనాయిలు. నేను బాగానే ఉన్నాను. సువార్త మిషను వ్యానులోనే ఒక్కణ్ణీ వండుకుని పడుకుంటున్నాను. ఇక్కడ పొద్దున మాడ్చే ఎండ, మధ్యాహ్నానికి వడగళ్ళు.

పోయిన వారం ఒక కొండమనిషి జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. వ్యాను మీది ఎర్ర సిలువ చూసి ఆస్పత్రి బండి అనుకుంది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బిడ్డను నా పడక మీద పడుకోబెట్టి కిందున్న ఆస్పత్రికి బయల్దేరాను. ఘాటు రోడ్డు మలుపులో వానకి కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. బండి వెనక్కి తిప్పేలోపే బిడ్డ పోయింది. తల్లి ఇంకా "సూదెయ్యి బాబూ" అంటూనే ఉంది. నువ్వు కుట్టిన బొంతలోనే చుట్టి పూడ్చాం. నాకు ఇంకొకటి కుట్టకు.

పెద్దాడికి దగ్గు తగ్గిందా? మన చెరుకు నరకడం అయిందా? ఈస్టరుకి నేను రాలేను, నాన్న సమాధికి శౌరయ్య బావ చేత సున్నం వేయించు. నేనూ ఇక్కడ సంతలో సున్నం కొన్నాను. మళ్ళీ ఎవరూ బిడ్డనెత్తుకుని రాకూడదని సిలువ మీద పూశాను. ఈ సంగతి పాస్టరుగారికి తెలియనివ్వకు, కార్డు చదివి చింపెయ్యి. ప్రార్థనలో నా వంతు కూడా నువ్వే చెయ్యి, నాకు మాట రావడం లేదు.

రోజూ పొద్దున పూస్తున్నాను. మధ్యాహ్నం వాన కడిగేస్తోంది, సిలువ మళ్ళీ ఎర్రగా కనబడుతోంది.

పిల్లలకు ముద్దులు.

సంజీవరావు