ఏడో కందకం

బాన్సువాడ,
16 జూలై 2001.

చిరంజీవి దీపికకు నాన్న ఆశీస్సులు.

అమ్మా, నానమ్మా, నేనూ కులాసాగానే ఉన్నాం. నానమ్మ మోకాళ్ళను మాత్రం ఆ కులాసాలో కలపకు. కాలువకు ఇంకా నీళ్ళు వదల్లేదు. బోరు కింద నారు పోశాం, పచ్చగానే ఉంది. అమ్మ దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ప్రేమల పిన్ని పిట్లం నుంచి వచ్చి నాలుగు రోజులుండి కషాయం కాచి పోసింది. తగ్గింది కషాయానికో, పిన్ని కబుర్లకో చెప్పలేను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. హిమాలయాల్లోని లాహౌల్ కొండల్లో మేం బంగారం, ఆంటిమొనీ వెతికిన నాటి రిపోర్టును మీ ప్రొఫెసరు గారు చూపించారనీ, పటం కింద నా పేరు చూసి గర్వపడ్డావనీ రాశావు. వచ్చే నెల మీరు అయిదుగురూ అక్కడికే వెళ్తున్నారనీ, ఏడో కందకం దగ్గరే నీ పని మొదలనీ రాశావు.

ఆంటిమొనీ రాయిని ఎలా గుర్తుపట్టాలని అడిగావు. సీసం రంగులో, సన్నని సూదుల కట్టలా ఉంటుంది. గోటితో గీస్తే గీత పడుతుంది. ఒకప్పుడు కళ్ళకు పెట్టుకునే సుర్మా దీన్ని నూరే చేసేవారు. అక్కడది తెల్లటి పలుగురాతి చారలో ఉంటుంది. బంగారమూ ఆ చారలోనే ఉంటుంది గానీ కంటికి ఆనదు. చారకు అడ్డంగా కందకం తవ్వి, మీటరుకొక సంచి చొప్పున రాళ్ళు కొట్టి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. అందుకే ఏ సంచి ఎక్కడిదో చెప్పే చీటీయే ఈ పనికి ప్రాణం.

అంత మంచి ఉద్యోగం ఎందుకు వదిలేశావని కూడా అడిగావు. ఆ ఎత్తులో ఊపిరి ఆడలేదని మీ అందరికీ చెప్పాను. అది అబద్ధమమ్మా.

93 సెప్టెంబరు ఆఖరు. ఆరు కందకాల పని ముగిసింది. ఏడోది వాగుకు అవతల. తవ్వడమైతే అయింది గానీ రాళ్ళు కొట్టలేదు. ఆ ఉదయం మంచు పడి తాడు వంతెన జారుతోంది. మర్నాడు గుడారాలు ఎత్తేయాలి. నేను రెడ్యాను వెంటబెట్టుకుని మళ్ళీ ఆరో కందకంలోకే దిగాను. మన తండా రెడ్యానే, నన్ను నమ్మి అంత దూరం పనికి వచ్చాడు. మంచి రాయి ఉన్నచోటే తొమ్మిది సంచులు నింపించి, చీటీల మీద ‘ఏడు’ అని రాశాను. చార ఎలాగూ అటే పోతోంది కదా అనుకున్నాను.

పరీక్షలో బంగారం బాగా పడింది. చార వాగు దాటినట్టు పటం గీశాను. మరుసటి వేసవికి ఏడో కందకం కొండరాళ్ళతో పూడిపోయింది. అయినా నా పటం చూసి, బోరు యంత్రాన్ని విడదీసి కంచర గాడిదల మీద అక్కడికి ఎక్కించారు. వాగు దగ్గర ఇనుప గొట్టం జారి రెడ్యా ఎడమకాలి మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి. ఎనభై మీటర్లు దింపినా నల్లరాయి తప్ప పలుగురాయి ముక్క రాలేదు. అక్కడ భూమి విరిగి చార పక్కకు జరిగి ఉంటుందని పై అధికారులన్నారు. నేనూ తలూపాను. రిపోర్టులో అదే ఉంది. ఆ శీతాకాలం రాజీనామా ఇచ్చాను.

నిన్న తండాకు వెళ్ళాను. రెడ్యా మక్క చేన్లో కలుపు తీస్తున్నాడు. గట్టు మీద నిలబడి ఉన్నదంతా చెప్పాను.

“నాకెర్కనే సార్. సంచులు గట్టింది నేనే గద,” అన్నాడు.

“మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?”

“సదువు రాదు గని అంకెలొస్తయ్ నాకు. ఆరు కాడ ఏడు రాసిన్రు. మీ అంతల మీరే చెప్తరేమోనని సూసిన.”

నేను అతని కాలి వైపు చూడలేకపోయాను. కనిపెట్టినట్టున్నాడు.

“కాలు సంగతి ఇడిసిపెట్టుండ్రి. ఇగ మీ పిల్ల గక్కడికే పోతున్నదంటిరి గద. ముందుగాల ఆమెకు రాయుండ్రి.”

మంచినీళ్ళిచ్చాడు. ఎప్పుడు వెళ్ళినా కూర్చోమనేవాడు, నిన్న అనలేదు.

ఇదే సంగతి మా పాత ఆఫీసుకూ, మీ ప్రొఫెసరు గారికీ విడిగా రాసి, ఈ ఉత్తరంతో పాటే పోస్టు చేస్తున్నాను. ఆనాటి నా నోటుబుక్కు పేజీలు ఇందులో పెట్టాను. నీ గర్వాన్ని వెనక్కి తీసుకుంటానంటే తీసుకో. మీ అమ్మకు మొన్ననే చెప్పాను. విని లేచి నారుమడి దగ్గరికి వెళ్ళిపోయింది, చీకటి పడ్డాక వచ్చి అన్నం వడ్డించింది.

నా పటాన్ని నమ్మి అడుగు వేయకు. ఏడో కందకం రాయిని ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు. పూడిక తీయించి నువ్వే కొట్టి చూడు. చార ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. వాగు ఉధృతంగా ఉంటే మాత్రం దాటకు. ‘దాటలేదు’ అని రాసి తిరిగి వచ్చెయ్. ఆ ఒక్క మాట రాయడం నాకు చేతకాలేదు.

ఇట్లు,
నీ నాన్న
వెంకటనారాయణ