అక్క పిక్క నొక్కకండి

బావగారూ,

మీరు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. అక్క పిక్క వాచిందనీ, మీరు నూనె రాసి గట్టిగా నొక్కుతున్నారనీ మీ ఇంటి నుంచి ఇప్పుడే వచ్చిన అమ్మ చెప్పింది. వెంటనే ఆపండి.

మా ల్యాబ్‌లో పెంచే కణాలకు ఆహారంగా, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు తీసేసిన రక్తరసమే పోస్తాం. ఇవాళ మావాళ్లు పొరపాటున అవి ఉన్న రసం పోశారు. మామూలు కణాల పళ్లెం ఇంకా నీళ్లలాగే ఉంది, క్యాన్సర్ కణాలది మాత్రం పెరుగులా తోడుకుపోయింది. అక్క ఒంట్లో ఉన్నవీ ఆ కణాలే కదా! పిక్కలో రక్తం గడ్డ కట్టి ఉంటే, మీరు నొక్కినప్పుడు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుంది.

మీరు నొక్కుతుంటే హాయిగా ఉందందట. తనంతట తను ఆపమనదు.

కారు గుమ్మం ముందే ఉంది. ఎత్తుకుని ఎక్కించండి. నన్ను తిట్టడం ఆసుపత్రిలో పెట్టుకుందాం.

మీ మరదలు